నిలకడ లేని జబ్బుకు శాతం కట్టడం

వైకల్యం అనగానే కంటికి కనిపించే లోపాలే ముందుగా తడతాయి గానీ, 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన 7 రకాల వైకల్యాల్లోనే మానసిక వ్యాధి కూడా ఉంది. ఆ చట్టం స్థానంలో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతున్న దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆ జాబితాను 21కి పెంచింది. ఆలోచన, మనోభావం, గ్రహణశక్తి, దేశకాల స్పృహ, జ్ఞాపకం అనే వాటిలో గట్టి లోపం ఏర్పడి, దానివల్ల మనిషి విచక్షణ గానీ, ప్రవర్తన గానీ, వాస్తవాన్ని గుర్తించే శక్తి గానీ, రోజువారీ బతుకు అవసరాలను తీర్చుకునే సామర్థ్యం గానీ తీవ్రంగా దెబ్బతింటే దానిని మానసిక వ్యాధిగా లెక్కించాలని ఈ చట్టం షెడ్యూలు చెబుతుంది. ఈ నిర్వచనంలో మనోభావం పేరెత్తి చెప్పి ఉన్నందువల్ల బైపోలార్ రుగ్మతతోనో, పదే పదే తిరగబెట్టే తీవ్రమైన డిప్రెషన్‌తోనో బాధపడేవారు వైకల్య ధ్రువీకరణకు దరఖాస్తు చేసుకోవడానికి చట్టంలో అడ్డేమీ లేదు. అడ్డంకులన్నీ ఆ తరువాతి అంచెలలో, కొలిచే పద్ధతిలోనూ కూడబెట్టవలసిన కాగితాలలోనూ ఉన్నాయి.

ఈ అడ్డంకులు అర్థం కావాలంటే ముందు జబ్బు నడక తెలియాలి. బైపోలార్ రుగ్మతలో రెండు దశలు ఒకదాని తరువాత ఒకటి, ఎప్పుడు వస్తాయో చెప్పలేని వ్యవధుల్లో వస్తాయి. వైద్యులు మేనియా అనే ఉద్రేక దశలో మనిషికి నిద్ర అక్కర్లేనట్టు ఉంటుంది, మాట ఆగదు, లేని శక్తి ఉన్నట్టు తోస్తుంది, అప్పు చేసి వ్యాపారాలు మొదలుపెట్టడం, అయినకాడికి పొలం బేరం పెట్టడం, పైఅధికారితో తగాదాకు దిగడం లాంటివి జరిగిపోతాయి. కుంగుబాటు దశలో అదే మనిషి వారాల తరబడి మంచం దిగడు, స్నానం కొండంత పని అవుతుంది, చావు ఆలోచనలు వెంటాడతాయి. ఈ రెండింటి మధ్య నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు, ఇరుగుపొరుగుకు ఏ తేడా కనిపించని మామూలు జీవితం నడుస్తుంది. తిరగబెట్టే డిప్రెషన్‌లో ఉద్రేక దశ ఉండదు గానీ వచ్చి పోయే స్వభావం మాత్రం ఇలాంటిదే. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సర్వే నాటికి బైపోలార్ రుగ్మతతో ఉన్నవారు పెద్దవారిలో వెయ్యికి ముగ్గురు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు.

కాలు తెగినవారిని ఏ రోజు పరీక్షించినా లోపం ఒకే కొలతలో ఉంటుంది. వచ్చిపోయే జబ్బు విషయంలో పరీక్ష తేదీని బట్టి ఫలితమే మారిపోవచ్చు. వైకల్యాన్ని పరీక్షించే శిబిరానికి పిలిచిన రోజున మనిషి కుదురుగా ఉంటే అక్కడి వైద్య బోర్డుకు ఆరోగ్యవంతుడిగా కనిపిస్తాడు, కుంగుబాటులో ఉంటే అసలు శిబిరానికే రాలేడు, ఉద్రేకంలో ఉంటే తనకు ఏ జబ్బూ లేదని ఇంటివారే కుట్ర పన్ని తీసుకొచ్చారని బోర్డు ముందే వాదిస్తాడు. దరఖాస్తు నింపడం, తేదీలు గుర్తుంచుకోవడం, వరుసలో నిలబడడం, తిరస్కరిస్తే మళ్ళీ ప్రయత్నించడం వంటి పనులకు కావలసిన ఓపికనే ఈ జబ్బు ముందుగా హరిస్తుంది కనుక, అర్హత ఎక్కువున్నవారే దరఖాస్తుకు దూరంగా ఉండిపోతారు. ఈ విషయాన్ని విధానం తయారుచేసినవారు పూర్తిగా మరిచిపోయారని అనడం న్యాయం కాదు; వారు కొంత ఆలోచించారనడానికి కొలమానమే సాక్ష్యం. అది కాగితం మీద చెప్పినంత ఓపికగా రద్దీ శిబిరంలో అమలు కావడం లేదన్నదే అసలు ఫిర్యాదు.

ఆ కొలమానం పేరు ఐడియాస్. భారతీయ మానసిక వైద్యుల సంఘానికి చెందిన పునరావాస కమిటీ దీనిని రూపొందించగా, కేంద్ర ప్రభుత్వం 2002లో మానసిక వ్యాధి వైకల్యాన్ని కొలిచే అధికారిక సాధనంగా దీనిని ప్రకటించింది. 2016 చట్టం కింద 2018 జనవరిలో వెలువడిన మార్గదర్శకాలు కూడా దీనినే స్వీకరించాయి. వ్యాధి పేరు ఎంత భయంకరమైనదన్న లెక్క ఇందులో లేదు, దానివల్ల బతుకులో ఏయే పనులు ఆగిపోయాయన్నదే లెక్క. నాలుగు రంగాలను ఇది చూస్తుంది. మొదటిది స్వీయ సంరక్షణ, అంటే స్నానం, తిండి, బట్టలు, ఒంటి శుభ్రత, తన ఆరోగ్యాన్ని తాను చూసుకోవడం. రెండోది నలుగురితో సందర్భానికి తగినట్టు మెలగడం. మూడోది మాట్లాడడం, చెప్పింది అర్థం చేసుకోవడం. నాలుగోది పని, ఉద్యోగమో వ్యాపారమో చేసేవారికి అదీ, విద్యార్థికి చదువూ, గృహిణికి ఇంటిపనీ లెక్కకు వస్తాయి. ఒక్కో రంగానికి ఇబ్బంది ఏమీ లేకపోతే సున్నా, స్వల్పమైతే 1, మధ్యస్థమైతే 2, తీవ్రమైతే 3, పూర్తిగా అశక్తత అయితే 4 చొప్పున అంకె వేస్తారు.

ఈ నాలుగింటి మొత్తానికి జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదాన్ని బట్టి మరో అంకె కలుపుతారు: 2 సంవత్సరాల లోపైతే 1, 2 నుంచి 5 సంవత్సరాలైతే 2, 6 నుంచి 10 సంవత్సరాలైతే 3, పదేళ్ళు దాటితే 4. ఇలా వచ్చిన మొత్తం 1 నుంచి 6 మధ్య ఉంటే వైకల్యం 40 శాతం కంటే తక్కువ, 7 నుంచి 13 మధ్య ఉంటే 40 నుంచి 70 శాతం, 14 నుంచి 19 మధ్య ఉంటే 71 నుంచి 99 శాతం, 20 అయితే నూటికి నూరు శాతం. చట్టం ఇచ్చే ముఖ్యమైన ప్రయోజనాలన్నీ 40 శాతం దగ్గర మొదలవుతాయి. ఆ గీత దాటినవారినే చట్టం నిర్దిష్ట స్థాయి వైకల్యం ఉన్నవారిగా పరిగణిస్తుంది. అంటే 6కూ 7కూ మధ్య ఉన్న ఆ ఒక్క అంకెలోనే పింఛనూ రిజర్వేషనూ వచ్చేదీ రానిదీ తేలిపోతుంది.

ఈ కూడికను ఒక ఉదాహరణతో చూస్తే జాగ్రత్తపడవలసిన చోటు బయటపడుతుంది. ఏడేళ్ళుగా బైపోలార్ రుగ్మత ఉన్న ఒక కిరాణా కొట్టు యజమానికి స్వీయ సంరక్షణలో 1, నలుగురితో మెలగడంలో 2, మాటలో సున్నా, పనిలో 2 వేశారనుకుంటే మొత్తం 5 అవుతుంది. ఏడేళ్ళ జబ్బుకు 3 కలిపితే 8 వచ్చి ఆయన 40 శాతం గీత దాటుతాడు. ఆయన దగ్గర నిరుటి మందుల చీటీ తప్ప పాత కాగితాలేవీ లేక, జబ్బు మొదలై ఏడాదే అయిందని బోర్డు రాసుకుంటే కలిసేది 1 మాత్రమే, మొత్తం 6 దగ్గర ఆగుతుంది. మనిషి అతనే, బాధ అదే, ఏడేళ్ళ కిందటి ఓపీ చీటీ ఒక్కటి లేనందువల్ల పింఛను, రిజర్వేషను, పన్ను మినహాయింపు అన్నీ ఒక్కసారిగా చేజారిపోతాయి. మానసిక వైకల్య దరఖాస్తులో అన్నిటికన్నా విలువైన కాగితం ఇటీవలి ఖరీదైన స్కానింగ్ రిపోర్టు అనుకుని వేలు ఖర్చుపెట్టే కుటుంబాలు ఉన్నాయి. మనోభావ రుగ్మతను నిర్ధారించే స్కానింగే లేదు. జబ్బు మొదలైన సంవత్సరాన్ని చూపే పాత చీటీ దానికంటే ఎన్నో రెట్లు పనికొస్తుంది.

తెలుగు నేల మీద ఆ పాత చీటీ దొరకకపోవడానికి ఒక కారణం ఉంది. మొదటి విడత జబ్బు వచ్చినప్పుడు చాలా కుటుంబాలు దాన్ని జబ్బనుకోవు. గాలి సోకిందని, ఎవరో చేతబడి చేశారని దర్గాకో గుడికో తీసుకెళ్ళి నిద్ర చేయిస్తారు, తాయెత్తు కట్టిస్తారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత నిద్రపట్టే ఇంజక్షన్ వేయిస్తారు. వీటిలో వేటికీ రసీదు ఉండదు. రెండో విడతకో మూడో విడతకో జిల్లా ఆస్పత్రికి గానీ, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు గానీ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు గానీ చేరతారు. అక్కడ ఇచ్చిన కాగితాల్లో మొదటి పేజీలో వైద్యుడు రాసుకునే పాత చరిత్ర, అంటే ఎప్పుడు మొదలైంది, మధ్యలో ఎన్నిసార్లు తిరగబెట్టింది అన్న నాలుగు పంక్తులు, ఆ పోయిన సంవత్సరాలకు మిగిలే ఏకైక ఆధారం. అందువల్ల మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళిన రోజున మందు ఏమి రాశాడన్నదాని కంటే ముందు, చెప్పిన చరిత్రను తేదీలతో సహా రాశాడా అని చూసుకోవడం మేలు.

కాగితాలు పోగొట్టుకున్నవారికీ దారి ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం తన ప్రాథమిక వైద్య రికార్డులను పొందే హక్కు రోగికి ఉంది. చికిత్స చేసిన ఆస్పత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, నిర్ధారించిన వ్యాధి పేరు ఉన్న డిశ్చార్జి సమ్మరీ నకలు అడగవచ్చు. లిథియం వాడేవారికి రక్తంలో ఆ మందు పాళ్ళు ఎంత ఉన్నాయో ఎప్పటికప్పుడు పరీక్ష చేయిస్తారు. పైన తేదీ, కింద ల్యాబు ముద్రతో ఆ రిపోర్టులు ఏళ్ళ తరబడి చికిత్స నడిచిందని చెప్పే సాక్ష్యాలు. ఉద్యోగి అయితే సెలవు దరఖాస్తులు, జీతం కోత పడిన నెలల పే స్లిప్పులు, విద్యార్థి అయితే హాజరు చాలక పరీక్ష రాయనివ్వని సంవత్సరపు కాగితం, వ్యాపారి అయితే ఉద్రేక దశలో చేసిన అప్పుల పత్రాలు కూడా పని రంగంలో అంకె వేయడానికి ఉపకరిస్తాయి. వీటిని వరుస తేదీల్లో పేర్చి, ఏ సంవత్సరం ఏ నెల నుంచి ఏ నెల దాకా జబ్బు ముదిరి ఉందో, అప్పుడు ఏ పనులు ఆగాయో ఒక పేజీలో రాసి పైన పెడితే, ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలే కేటాయించగలిగే బోర్డుకు చదవడం తేలికవుతుంది. ఈ పని జబ్బు నెమ్మదించిన నెలల్లో, రోగి తానే కూర్చుని చేయగలిగినప్పుడు చేయవలసింది. జబ్బు ముదిరాక దరఖాస్తు మొదలుపెట్టే కుటుంబాలకు రెండు బరువులూ ఒకేసారి మీద పడతాయి.

దరఖాస్తు దారి రెండు పేర్లతో వినిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సాఫ్ట్‌వేర్ విధానం పేరుమీద ఈ పత్రాన్ని రెండు రాష్ట్రాల్లోనూ జనం సదరం సర్టిఫికెట్ అనే అంటారు. కేంద్రం దేశమంతటికీ ఒకే గుర్తింపు కార్డు ఉండాలని యూడీఐడీ విధానాన్ని తెచ్చి, 2021 జూన్ 1 నుంచి వైకల్య ధ్రువీకరణ పత్రాలను ఆ పోర్టల్ ద్వారానే జారీ చేయాలని నిర్దేశించింది. ఆచరణలో దరఖాస్తుదారు మీసేవ కేంద్రంలోనో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ, వార్డు సచివాలయంలోనో, లేదా నేరుగా ఆన్‌లైన్‌లోనో ఆధార్ వివరాలు, ఫొటో, వైద్య పత్రాలతో నమోదు చేసుకుని, తేదీ ఖరారైనప్పుడు కేటాయించిన ఆస్పత్రికి వెళ్ళాలి. తేదీ ఖరారవడాన్నే స్లాటు దొరకడం అంటారు. మానసిక వైద్య నిపుణులు తక్కువగా ఉన్న జిల్లాల్లో ఈ వర్గానికి స్లాట్లు తక్కువగానే ఉంటాయి. నమోదు చేసేటప్పుడు వైకల్యం రకం దగ్గర మానసిక వ్యాధిని ఎంచుకోవాలి; పుట్టుకతోనో చిన్నతనంలోనో తెలివి ఎదుగుదల ఆగిన బుద్ధిమాంద్యం చట్టంలో వేరే వర్గం, దాని పరీక్ష వేరు. కంప్యూటరు ముందు కూర్చున్న ఆపరేటరు రెంటినీ ఒకటనుకుని రెండోది నొక్కితే, శిబిరానికి వెళ్ళాక అక్కడ తెలివితేటల పరీక్ష చేసి వెనక్కి పంపే ప్రమాదం ఉంది కాబట్టి రసీదు మీద అచ్చయిన వర్గాన్ని అక్కడికక్కడే చదువుకోవాలి.

శిబిరం రోజున ఎవరు తోడు వెళ్ళాలన్నది చిన్న విషయం కాదు. ఐడియాస్ ప్రకారం వైద్యుడు రోగిని ఒక్కడినే అడిగి అంకెలు వేయకూడదు, ఇంట్లో దగ్గరుండి చూసుకునే మనిషిని అడగాలి, కేసు కాగితాలు చూడాలి. తొలి రూపంలో ఈ కొలమానాన్ని ఇళ్ళ వద్ద ఉంటూ ఓపీకి వచ్చే రోగులకే ఉద్దేశించారు, ఆస్పత్రిలో చేరి ఉన్నవారిని దీనితో కొలవడం తగదన్నారు. అంటే జబ్బు ఉధృతంగా ఉండి వార్డులో ఉన్నప్పుడు కొలత కుదరదు, కోలుకుని వచ్చాక కొలుస్తారు. మధ్యలో ఏమి జరిగిందో చెప్పగలిగింది ఇంటి మనిషే. తెలుగు కుటుంబాల్లో ఇలాంటి పనులకు ఊళ్ళో పలుకుబడి ఉన్న పెదనాన్ననో, ఆఫీసుల్లో మాట్లాడడం తెలిసిన మేనమామనో పంపడం రివాజు. వారికి అధికారులతో మాట్లాడడం తెలుసు గానీ మనిషి రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటాడో తెలియదు. ఒకే కప్పు కింద ఉండి మందు చేతికిచ్చే తల్లో భార్యో భర్తో వెళ్తేనే ఆ ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి.

జవాబు చెప్పే తీరూ అంతే ముఖ్యం. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే బాగానే ఉన్నానండి అనడం మన మర్యాద. వైకల్య బోర్డు ముందు ఆ మర్యాద ఒక జవాబుగా నమోదవుతుంది. తోడు వచ్చినవారు చాలా బాధపడుతున్నాడండీ అని కన్నీళ్ళు పెట్టుకున్నా దానికి అంకె లేదు. ఆషాఢంలో మొదలై దసరా దాకా చెప్పి చెప్పి వారానికి ఒకసారి స్నానం చేయించామని, మూడు నెలలు కొట్టు తెరవలేదని, పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళడం మానేశామని, మందు తానుగా ఒక్కరోజూ వేసుకోలేదని చెబితే నాలుగు రంగాల్లో ఎక్కడెక్కడ ఎంత వేయాలో వైద్యుడికి తెలుస్తుంది. గృహిణుల విషయంలో ఈ వివరం మరీ అవసరం. వంట చేస్తోంది కదా అనే ఒక్క మాటతో పని రంగంలో సున్నా పడే వీలుంది. ఆ వంట ఎవరు పక్కన నిలబడి చేయించారు, ఎన్ని రోజులు పొయ్యి వెలగలేదు, పిల్లల్ని బడికి పంపే పని ఎవరి మీద పడింది అన్నవి అడిగినా అడగకపోయినా చెప్పవలసినవే. శిబిరాల చుట్టూ తిరిగే దళారులు కొందరు పిచ్చివాడిలా నటించమని సలహా ఇస్తారు. మానసిక వైద్యులు అలాంటి నటనను ఇట్టే పసిగడతారు, ఆ తరువాత నిజం చెప్పినా నమ్మరు.

పరీక్ష తరువాత పత్రంలో శాతంతో పాటు అది శాశ్వతమా తాత్కాలికమా అన్నది కూడా రాస్తారు. మారే అవకాశం ఉన్న వైకల్యానికి గడువు తేదీ వేయాలని నిబంధనలు చెబుతున్నందున మనోభావ రుగ్మతకు ఎక్కువగా తాత్కాలిక పత్రమే వస్తుంది, గడువు ముగిసేలోగా మళ్ళీ పరీక్షకు వెళ్ళాలి. 2017 నాటి నిబంధనల్లో నెల రోజులుగా ఉన్న జారీ గడువును 2024 అక్టోబరు సవరణ మూడు నెలలకు పొడిగించింది. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. శాతం తక్కువ వేశారని తోస్తే రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారికి మొర పెట్టుకునే హక్కును చట్టంలోని 59వ సెక్షను ఇస్తుంది. అప్పీలులో అన్యాయం జరిగిందని వాపోవడం కంటే, ఏ రంగంలో ఏ అంకె ఎందుకు మారాలో, జబ్బు మొదలైన సంవత్సరానికి ఏ కాగితం సాక్ష్యమో చూపడం ఫలిస్తుంది. కలెక్టరేట్లలో సోమవారం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం, అంటే తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, స్లాటు దొరకని సమస్యకు ఉపయోగపడవచ్చు గానీ వైద్యుడు వేసిన శాతాన్ని అక్కడ మార్చరు.

40 శాతం దాటినవారికి మొదట గుర్తొచ్చేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. తెలంగాణలో 2023లో పెంచిన తరువాత ఆ మొత్తం 4,016 రూపాయలు. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ జాతీయ వికలాంగ పింఛను 80 శాతం వైకల్యమున్న నిరుపేదలకే, అదీ 300 రూపాయలే. ఆ అంకె మీద వ్యాఖ్య అనవసరం. రాష్ట్ర పింఛన్లకు శాతం ఒక్కటే చాలదు, కుటుంబం పేదదై ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నా, ఆదాయపన్ను కట్టేవారున్నా, కారు ఉన్నా, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటినా అడ్డం వస్తుంది. పెళ్ళయినా జబ్బు కారణంగా సంపాదన లేక అన్న ఇంట్లో తలదాచుకున్న మనిషికి అన్న ఉద్యోగం అడ్డమవుతుంది. పేదరికాన్ని ఇంటిని బట్టి లెక్కించడం ఈ జబ్బు బాధితులకు చేసే అన్యాయాల్లో పెద్దది, ఎందుకంటే వీరిలో చాలామంది పేదవారు కావడానికి ఇల్లు కారణం కాదు, జబ్బే.

పింఛనుకు అర్హత లేని మధ్యతరగతివారు సర్టిఫికెట్‌తో పనేముందని ఊరుకోవడం పొరపాటు. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో ఒక శాతం ఆటిజం, బుద్ధిమాంద్యం, నిర్దిష్ట అభ్యసన లోపం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి ఉంది. ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు ఉంచాలి. ఆదాయపన్నులో పాత విధానం ఎంచుకున్నవారికి 40 శాతం వైకల్యంపై 75,000 రూపాయలు, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయలు ఆదాయం నుంచి మినహాయింపు ఉంది, రోగికే కాక రోగిని పోషించే తల్లిదండ్రులకో జీవిత భాగస్వామికో కూడా అదే మొత్తం వర్తిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా మాత్రం మానసిక వ్యాధికి వర్తించదు; దానికోసం తిరిగి కాళ్ళరిగించుకోనక్కర్లేదు.

ఉద్యోగంలో ఉండగా జబ్బు పడినవారికి 2016 చట్టంలోని 20వ సెక్షను ఇచ్చే రక్షణ డబ్బుకంటే విలువైనది. సర్వీసులో ఉండగా వైకల్యం సంక్రమించిన ప్రభుత్వోద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి, అలాంటి ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. ఉద్రేక దశలో పైఅధికారిపై అరిచినందుకో, కుంగుబాటులో నెలల తరబడి చెప్పకుండా గైర్హాజరైనందుకో చార్జిమెమో అందుకున్న బైపోలార్ రోగులకు ఈ సెక్షనుతో పాటు 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా తెలిసి ఉండాలి. డిప్రెషన్‌తో, చేసిన పనే చేయించే ఓసీడీ అనే జబ్బుతో ఉన్న ఒక సీఆర్పీఎఫ్ అధికారి మీద శాఖాపరమైన విచారణలు మొదలైన కేసది. అతని ప్రవర్తనకు మానసిక వైకల్యం ఏకైక కారణమని నిరూపించనక్కర్లేదని, అది కారణాల్లో ఒకటైనా చాలునని, మానసిక వైకల్యమున్నవారిపై ఇలాంటి విచారణ మొదలుపెట్టడమే పరోక్ష వివక్ష అవుతుందని కోర్టు చెప్పింది. చార్జిమెమో వచ్చాక తెచ్చుకున్న సర్టిఫికెట్ కంటే అంతకు ముందే ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కిన వైద్య పత్రం బలమైనదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత ఉన్నా చాలా కుటుంబాలు దరఖాస్తు దాకా రాకపోవడానికి పరువు భయమే ప్రధాన కారణం. చెల్లెలి పెళ్ళి కుదరదని, పిచ్చివాడన్న ముద్ర సర్కారే వేసినట్టవుతుందని, రేపు ఆస్తి పంపకాల్లో దాయాదులు ఈ కాగితాన్నే అడ్డం పెట్టి సంతకం చెల్లదంటారని అనుకుంటారు. చివరి భయానికి చట్టం సూటిగానే జవాబిచ్చింది. కోర్టు ప్రకటిస్తే తప్ప మానసిక వ్యాధి నిర్ధారణ అయినంత మాత్రాన మనిషి మతి స్థిమితం లేనివాడని అర్థం కాదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. వైకల్య పత్రం ఉన్నంత మాత్రాన ఆస్తి హక్కు గానీ ఓటు గానీ పోదు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలన్న హక్కూ అదే చట్టంలో ఉంది. ఊరి సచివాలయంలో నమోదైన వివరం ఊళ్ళో పొక్కకుండా ఏ చట్టమూ ఆపలేదన్నది కూడా నిజమే కనుక, దగ్గరి ఊరిలో కాక జిల్లా కేంద్రంలోని మీసేవలోనో ఆన్‌లైన్‌లోనో దరఖాస్తు పెట్టుకునే కుటుంబాలను తప్పు పట్టనక్కర్లేదు. పెళ్ళి విషయంలో మాత్రం జబ్బును దాచడం సర్టిఫికెట్ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

పత్రం చేతికొచ్చాక చికిత్స మానేయడం మరో చిక్కు తెచ్చిపెడుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దివ్యాంగ పింఛనుదారులను మళ్ళీ వైద్య పరీక్షలకు పిలిచి, శాతం తగ్గిందని తేలినవారికి నోటీసులు పంపి, ఆపైన అప్పీలుకు అవకాశమిచ్చింది. అలాంటి పరీక్షలో పాత సర్టిఫికెట్ ఒక్కటే పెట్టుకుని నిలబడినవారికంటే, నెలనెలా జిల్లా ఆస్పత్రిలో మందులు తీసుకున్న ఓపీ పుస్తకం ఉన్నవారు తమ వాదన నిలబెట్టుకోగలుగుతారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఆ మందులు ఉచితంగానే ఇస్తారు. దగ్గర్లో వైద్యుడు ఎక్కడున్నాడో తెలియనివారు 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

ప్రభుత్వోద్యోగుల, పింఛనుదారుల పిల్లల్లో ఈ జబ్బు ఉన్నవారికి అన్నిటికన్నా పెద్ద ఆధారం కుటుంబ పింఛను. మామూలుగా పిల్లలకు 25 ఏళ్ళతో ఆగిపోయే ఈ పింఛను, మానసిక రుగ్మత వల్ల సొంతంగా సంపాదించుకోలేని కొడుకు లేదా కూతురికి తల్లిదండ్రులిద్దరి తరువాత జీవితాంతం వస్తుంది. కేంద్ర నిబంధనల్లో 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్పు ప్రకారం, ఆ సంతానానికి వేరే ఆదాయం ఉన్నా అది తల్లి లేదా తండ్రి చివరి జీతంలో 30 శాతానికీ, దానిపై వచ్చే కరువు భృతికీ మించనంత వరకు అర్హత పోదు. తల్లిదండ్రులు బతికి ఉండగానే ఈ బిడ్డ పేరును కుటుంబ వివరాల్లో చేర్పించి, వైద్య పత్రం జతచేసి, పింఛను బిడ్డ తరఫున ఎవరు అందుకోవాలో నామినేషను కూడా రాసిస్తే, బ్యాంకులు కోర్టు నుంచి సంరక్షక పత్రం తెమ్మని అడ్డు చెప్పకూడదని కేంద్రం స్పష్టం చేసింది. ఈ రెండు కాగితాలూ వేయకుండా తల్లిదండ్రులు కన్నుమూస్తే, జీవితంలో ఒక్క దరఖాస్తూ సొంతంగా పూర్తిచేయలేని మనిషి తనకు జబ్బు ఎప్పుడు మొదలైందో, తాను ఎవరి బిడ్డనో రుజువు చేసుకుంటూ ట్రెజరీల చుట్టూ తిరగవలసి వస్తుంది.